ముప్పై తొమ్మిదిన్నర కిలోమీటర్ల దగ్గర ప్లూటో

1966 జూన్‌లో నన్ను బీదర్ రోడ్ల సెక్షన్‌కు జూనియర్ ఇంజనీర్‌గా వేశారు. అప్పటికి ఇంకా మైసూరు రాష్ట్రమే. ఉద్యోగం తాత్కాలికం, పర్మినెంట్ ఆర్డర్ రావలసి ఉంది. బీదర్ నుంచి హుమ్నాబాద్ వైపు మైలురాళ్ళు పెరికించి కిలోమీటరు రాళ్ళు పాతించడం నా పని. సున్నా రాయి బీదర్‌లో. అక్కడి నుంచి రోడ్డు వెంట కొలిచిన దూరాన్ని మేము చెయినేజి అంటాం. ఇరవై మీటర్ల గొలుసు యాభైసార్లు పరిస్తే ఒక కిలోమీటరు. నడుమ రెండు వందల మీటర్లకొక చిన్న రాయి, దాని మీద 2, 4, 6, 8 అంకెలు.

మంగళగి దారి చీలే చోట రోడ్డు పక్కనే ఒక బడి ఉండేది. అనసూయ అక్కడ టీచరు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా గ్యాంగు నీళ్ళకు అక్కడికే పోయేది. ఒకరోజు ఆమె నన్నడిగింది: "మీ రాళ్ళు ఊర్ల పేర్లే చెప్తయా సార్? మా పిల్లలకు గ్రహాలు ఎంతెంత దూరమున్నయో చెప్పయా?"

ఆ రాత్రే లెక్క వేశాను. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరం ఒక కిలోమీటరు అనుకుంటే, సూర్యుడు బీదర్ సున్నా రాయి. భూమి ఒకటో రాయి. కుజుడు ఒకటిన్నర దాటి. కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే చిన్న గ్రహం సెరెస్ 2 కిలోమీటర్ల 770 మీటర్లు. ఈ కొలతలో అది కంది గింజంత. గురుడు ఐదు దాటి, శని తొమ్మిదిన్నర, యురేనస్ పందొమ్మిది, నెప్ట్యూన్ ముప్పై. ప్లూటో ముప్పై తొమ్మిదిన్నర. సరిగ్గా ఆమె బడి ముందరి కల్వర్టు.

గ్రహాల పేర్లు రాయడానికి అసిస్టెంట్ ఇంజనీరు నోటిమాటగా ఒప్పుకున్నారు: రాళ్ళ వెనక ముఖం మీదనే, మిగిలిన సున్నంతోనే. పేర్లు కన్నడంలో రాయించాను. ప్లూటో పేరు మాత్రం కల్వర్టు గోడ మీద నేనే రాశాను. సున్నం వెలిసిందా అని చూడటానికి వారానికి రెండుసార్లు పోయేవాణ్ణి. మేస్త్రీ బాలయ్య ఒకసారి నవ్వాడు.

"అన్ని రాళ్ళ సున్నం ఉన్నది సార్, గా కల్వర్టుదే ఎందుకు పోతాంది?"

"అక్కడ దుమ్ము ఎక్కువ."

"దుమ్మే సార్, దుమ్మే. పంతులమ్మకు హుమ్నాబాద్ నుంచి సంబంధం వచ్చిందంట. వాళ్ళమ్మ ఇంకా జవాబియ్యలే. మీరు రాళ్ళు లెక్కపెట్టుకుంట కూసుంటరా?"

పర్మినెంట్ ఆర్డర్ వచ్చినాక అడుగుదామన్నది నా ప్రణాళిక. ఉద్యోగం నిలకడ కాకుండా పిల్లనడగడం పద్ధతి కాదనుకున్నాను.

సెప్టెంబరులో నేను పోయేసరికి అనసూయ చేతిలో ఒక ఖగోళ పట్టిక ఉంది. హైదరాబాద్‌లో చదివే తమ్ముడు పంపాడట.

"సార్, మీరు తప్పు రాసిండ్రు. ప్లూటో ఈ ఏడు ఇక్కడ లేదు."

"ముప్పై తొమ్మిదిన్నర సగటు, టీచరమ్మా."

"సగటు కాడ ఎన్నిరోజులుంటది? దాని తొవ్వ గుండ్రంగ లేదు. దూరమంటే నలభై తొమ్మిది దాటి పోతది, దగ్గరంటే ముప్పై లోపలికొస్తది. ఇప్పుడు ముప్పై రెండు మీద నాలుగు కాడ ఉన్నది. దగ్గరికే వస్తున్నది." పట్టిక మూసి నావైపు చూసింది. "ఈ ఏడు ఎక్కడున్నదో అది చెప్పుండ్రి సార్. సగటు చెప్తే మేమేం చేసుకోవాలె?"

నేను పట్టిక తీసుకుని అంకెలు సరిచూశాను. ఆమె చెప్పింది నిజమే. తప్పు ఒప్పుకుని, కల్వర్టు మీది పేరు నా చేత్తోనే గీకేశాను. ఆమె కాసేపు నిలబడి చూసి, గంట కొట్టించడానికి లోపలికి పోయింది. మరునాడు ముప్పై రెండో రాయి తరువాత 4 అంకె ఉన్న చిన్న రాయి వెనక ప్లూటో అని రాశాను. అటూ ఇటూ జొన్న చేలు తప్ప ఏమీ లేవు. బడికి పోవడానికి నాకిక పని మిగలలేదు.

దసరా ముందర బాలయ్య గొలుసు చుట్టుకుంటూ చెప్పాడు: "హుమ్నాబాద్ వాళ్ళకే ఇచ్చిండ్రు సార్." పర్మినెంట్ ఆర్డర్ నవంబరులో వచ్చింది.

ప్లూటో సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది 1989లో. అప్పటికి నేను వేరే జిల్లాలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌ని. ఒకరోజు సెలవు పెట్టి ఇరవై తొమ్మిదో రాయి దాటి ఏడు వందల మీటర్లు నడిచాను. లారీలు పోతున్నాయి. నెప్ట్యూన్ రాయి నాకు ముందరే, మూడు వందల మీటర్లలో ఉంది. దాని వెనక సున్నం ఎప్పుడో పోయింది. నేను నిలబడ్డ చోటు నుంచి ఆ కల్వర్టు ఇంకా తొమ్మిది కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు. అక్కడిదాకా పోలేదు.

ఇప్పుడు సెరెస్‌నూ ప్లూటోనూ కలిపి మరుగుజ్జు గ్రహాలంటున్నారు. పేరు మారింది, దూరాలు మారలేదు. సగటు కొలత అంచనా వేయడానికి పనికొస్తుంది. ఉన్నది ఎక్కడ ఉందో తెలియాలంటే తేదీ వేసి కొలవాలి, ఆ తేదీలోనే పని కానివ్వాలి. పదవీ విరమణ దాకా నా కింది వాళ్ళ ఫీల్డ్‌బుక్‌లలో తేదీ లేని కొలత మీద నేను సంతకం పెట్టలేదు.