నీళ్ళేవి అని అడిగిన మనిషి

మంగళవారం ఉదయం ఏడు గంటలకు భిలాయి-3 నుంచి వరలక్ష్మి ఫోను చేసింది. "అంకుల్, పిన్ని గుజర్ గయీ" అంది, పోయిందని. గొంతులో ఏడుపు లేదు. మళ్ళీ అంది: "స్నానం చేయిస్తుంటే వీపు చూశాం అంకుల్. నా అరచేయంత పుండు. మొన్న మీరొచ్చినప్పుడు చూళ్ళేదా?"

చూడలేదు. అప్పటికి నేను ఆ ఇంటికి వెళ్ళి పన్నెండు రోజులైంది. ఆ రోజు ఆమె మంచం పక్కనే కుర్చీలో కూర్చుని, టీ తాగి, మన తెలుగు సంఘం పరిశీలన పత్రంలో 'ఇంటి వద్ద సంరక్షణ: ఉత్తమం' అని రాసి సంతకం పెట్టి వచ్చాను.

ముప్పై ఏళ్ళు దినపత్రికలో పనిచేశాను. ఎందరివో మరణవార్తలు రాశాను. అన్నిటిలోనూ నేను బయటివాణ్ణి. ఇందులో కాను. సంఘం పత్రికకు పైడి సిస్టర్ గురించి నువ్వే రాయాలని అందరూ అంటే ఒప్పుకున్నాను గానీ, అలా అన్నవారికి ఈ పత్రం సంగతి తెలియదు. ఆమె గుణగణాలు మాత్రమే రాసి ఊరుకుంటే అది ఆమెకు నేను చేసే రెండో ద్రోహం అవుతుంది.

పైడితల్లమ్మ గారిది చీపురుపల్లి దగ్గర పల్లె. విశాఖపట్నంలో నర్సు చదువు చదివి, పాతికేళ్ళ వయసులో రైలెక్కి ఇక్కడికొచ్చారు. ఉద్యోగమంతా భిలాయి ఉక్కు ప్లాంటు ఆసుపత్రిలోనే, అందులో ఎక్కువ కాలం కాలిన గాయాల వార్డులో. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన పెద్దలతో "ముప్పై మంచాలు సూసుకుంటన్నాను, ఇంకో మంచం ఎందుకు బాబూ" అనేవారట. తెలుగువాళ్ళకు పైడి సిస్టర్, మిగతావాళ్ళకు సిస్టర్ దీదీ. నాకు అక్క. ఆమెకు నేను 'పేపరు బాబు'ని.

కొత్తగా చేరిన నర్సులకు ఆమె నేర్పిన మొదటి పాఠం వార్డులో అందరూ చెప్పుకునేవారు. రోగి దగ్గరికి వెళ్ళగానే చార్టు చూడనిచ్చేవారు కాదు, ఎలా ఉన్నారని అడగనిచ్చేవారు కాదు. అరచేయి మెల్లగా రోగి వీపు కిందికి పోనివ్వమనేవారు. తడిగా, వేడిగా తగిలితే ఆ మనిషిని చాలాసేపటిగా ఎవరూ పక్కకు తిప్పలేదని అర్థం. చార్టులో మాత్రం రెండు గంటలకోసారి తిప్పినట్టు రాసి ఉంటుంది. "నోరు మర్యాద సెబుతాదమ్మా, వీపు నిజం సెబుతాది" అనేవారు.

ఆమె రిటైరయ్యాక ఊరి తీరు మారింది. ప్లాంటులో చేరినప్పుడు కండలు తిరిగి ఉన్నవాళ్ళు మంచం పట్టే వయసుకు వచ్చారు. ఇళ్ళకు ఆయాలనూ అటెండెంట్లనూ పంపే సంస్థలు పుట్టాయి. మనవాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ పని ఎలా ఉందో ఆరు నెలలకోసారి చూసి చెప్పడానికి సంఘం ముగ్గురితో కమిటీ వేసింది. పైడి సిస్టర్, నేను, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో నాణ్యత తనిఖీ చేసి రిటైరైన అప్పారావు గారు.

పత్రం అప్పారావు గారు తయారుచేశారు. నలభై ప్రశ్నలు, ఒక్కోదాని ఎదురుగా ఉత్తమం, సంతృప్తికరం, లోపభూయిష్ఠం. సిస్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పట్టాకైతే బాగున్నాది అప్పారావు గారూ. పట్టా మొహమాటపడదు కదా" అన్నారు.

"ప్రొసీజర్ ప్రొసీజరే సిస్టర్ గారూ" అన్నారు ఆయన.

వెళ్ళేముందు ఫోను చేసి చెప్పాలన్నది కూడా ప్రొసీజరే. చెప్పకుండా వెళ్తే ఆ ఇంటివాళ్ళను అనుమానించినట్టుంటుందని నేనే వాదించాను. ఈ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినవాడికి అది సహజంగానే తోస్తుంది. పెద్ద అధికారి వస్తున్నాడంటే ముందురోజే చెట్ల మొదళ్ళకు సున్నం, పైన ఎర్రటి గేరువా రంగు పూసే ఊరు మనది. "సున్నం ఏసీసినాక సూడ్డానికేటుంటాది?" అని ఆమె ఒక్కరే అడిగారు. ఇద్దరం ఒకవైపు, ఆమె ఒకవైపు. ఫోను చేసే వెళ్ళేవాళ్ళం.

ఆమె వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ వంటింట్లోకి వెళ్ళి అటెండెంటు పక్కన నిలబడేవారు. "భాత్ ఖాయే హస్ కా?" అని ఛత్తీస్‌గఢీలో, అన్నం తిన్నావా అని అడిగేవారు. తినలేదంటే ఇంటివాళ్ళ ముందే కంచం పెట్టించేవారు. ఒక ఇల్లాలు నొచ్చుకుంటే, "ఆకలితో ఉన్న పిల్ల ఇంకొకరికేటి తినిపిస్తాదమ్మా? మీ మావగారి కోసమే సెప్తన్నాను" అన్నారు. పని చేసే అమ్మాయిల మీద ఆమె ఒక్కనాడూ ఫిర్యాదు రాయలేదు. ఫిర్యాదు రాస్తే సంస్థ ఆ పిల్లను తీసేసి చేతులు దులుపుకుంటుందని, నేర్పవలసింది నేర్పదని ఆమె బాధ.

నెహ్రూ నగర్‌లో ఒక రిటైర్డు అధికారి ఇంటికి వెళ్ళిన రోజు చెప్పాలి. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. మేము వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా, ముఖానికి పౌడరు, కొత్త దుప్పటి. కోడలు ఉప్మా పెట్టింది. ఆయన కొడుకు నాకు స్నేహితుడు. అటెండెంటు కుర్రాడిని పంపిన సంస్థ ఆ ఏడాది ఉగాదికి మన సంఘానికి రెండు వీల్‌చైర్లు ఇచ్చింది. అప్పారావు గారు ప్రశ్నలు చదువుతుంటే నేను గళ్ళు నింపుతున్నాను. అన్నీ ఉత్తమమే. సిస్టర్ మంచం పక్కనున్న నీళ్ళ సీసా తీసి మూత తిప్పబోయారు. తిరగలేదు. రెండు చేతులూ పెట్టి తీయవలసి వచ్చింది.

"ఒంటి చేత్తో ఉన్న మనిషి. ఈ మూత ఎవరు తీస్తారు?" అన్నారు.

ఆమె గ్లాసులో పోసి అందించారు. ఆయన ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని ఆపకుండా తాగారు. మళ్ళీ పోశారు. అదీ తాగారు. కోడలు తల తిప్పుకుంది.

నివేదికలో తన భాగం ఆమె రెండే వాక్యాలు రాసిచ్చారు. 'మనిషికి దాహమేస్తే నీళ్ళు అందవు. మిగతావి బాగున్నాయి.' నివేదికకు భాష దిద్దే పని నాది. స్నేహితుడి ముఖం గుర్తొచ్చింది, వీల్‌చైర్లు గుర్తొచ్చాయి. వార్తల బల్ల దగ్గర చేయి తిరిగినవాణ్ణి కనుక శ్రమ పడనక్కరలేకపోయింది. 'చిన్నపాటి లోటుపాట్లు మినహా సేవలు సంతృప్తికరంగా ఉన్నాయి' అని మార్చాను. నివేదిక అచ్చయి వచ్చాక ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా చదివి, కాగితం నా చేతికిచ్చారు.

"తెలుగు బాగున్నాది పేపరు బాబూ. నీళ్ళేవి?"

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత రెండు వారాల పాటు ఆమె తనే వారానికి రెండుసార్లు ఆటోలో నెహ్రూ నగర్ వెళ్ళి ఆ సీసా మూత తీసి చూసి వచ్చేవారని ఈ మధ్యే తెలిసింది. నాతో చెప్పలేదు.

గత వర్షాకాలంలో ఆమె స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆమె తోబుట్టువు కూతురు వరలక్ష్మి భిలాయి-3లో టీచరు. తన ఇంటికి తీసుకుపోయి ముందుగదిలో మంచం వేసింది. తను బడిలో ఉండే వేళ చూసుకోవడానికి, వీల్‌చైర్లు ఇచ్చిన ఆ సంస్థ నుంచే కుంతి అనే అమ్మాయి వచ్చేది. ఉతై అనే ఊరి నుంచి బస్సులో వచ్చి, ఇక్కడ మధ్యాహ్నం దాకా, ఆ తర్వాత ఇంకో ఇంట్లో. కమిటీ జాబితాలో ఆ ఇల్లు కూడా చేరింది. చూడవలసిన ముగ్గురిలో ఒకరు చూడబడేవారయ్యారు. మిగిలిన ఇద్దరం మగవాళ్ళం. ఆమె స్థానంలో ఇంకొక స్త్రీని, కనీసం ఇంకొక నర్సును, వేసుకోవాలని మా ఇద్దరికీ తోచలేదు. అప్పారావు గారికి మోకాళ్ళ నొప్పి, నేనొక్కణ్ణే వెళ్ళాను. ముందురోజు ఫోను చేశాను.

కొత్త దుప్పటి ఉంది. పౌడరు లేదు, ఆమె రాయనిచ్చి ఉండరు. ముఖం బాగా చిక్కింది. పెదవులు పొరలు కట్టి ఉన్నాయి. స్టీలు గ్లాసు మంచం కాళ్ళవైపు కిటికీ గట్టు మీద ఉంది. నేను చూడటం ఆమె చూశారు.

"ఎలా ఉంది అక్కా?"

"బాగానే ఉన్నాది. రాసుకో."

కుంతి టీ తెచ్చింది. "అంకుల్‌జీ, అమ్మాజీ బహుత్ అచ్ఛీ హై, కభీ తంగ్ నహీ కర్తీ" అంది నిజాయితీగానే. అమ్మ చాలా మంచిది, ఎప్పుడూ విసిగించదు అని. ఆ పిల్ల కళ్ళ కింద నలుపు. వరలక్ష్మి పరీక్షల డ్యూటీకి ఆలస్యమవుతోందని గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను పక్కకు పిలిచి, "అంకుల్, ఏదీ రాయకండి ప్లీజ్. కుంతిని తీసేస్తే ఇంకొకరు దొరికేసరికి నెల పడుతుంది. నాకు సెలవు లేదు" అంది.

నేను వెనక్కొచ్చి గ్లాసు అందుకుని అక్క చేతికిచ్చాను. ఒక్క గుక్కలో తాగేశారు. మూతి తుడుచుకున్నారు.

"ఏం రాయమంటావక్కా?"

"నీకు కనిపించింది రాయి. ఆ పిల్లనేటీ అనీకు. ఎవుడు నేర్పినాడు దానికి?"

నాకు కనిపించింది రాయడానికి ఒక వాక్యం చాలు. ఆ వాక్యం అంతకుముందే నెహ్రూ నగర్ నివేదికకు ఆమె రాసిచ్చి ఉన్నారు. పిల్ల ఉద్యోగం పోకుండా సంస్థను నిలదీయడం ఎలాగో కూడా ఆమె దగ్గరే నేర్చుకోవలసింది. వరలక్ష్మి కోసం వచ్చిన ఆటో హారను కొట్టింది. అధ్యక్షుడితో నోటిమాటగా చెబుదాంలే అనుకుని 'ఉత్తమం' అని రాశాను. చెప్పలేదు. వీపు కింద చేయి పెట్టి చూడమని కుంతికైనా అనలేదు. ఆ పాఠం ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

ఆమె ఛాతీలో నెమ్ము చేరి పోయారని డాక్టరు అన్నారు. నీళ్ళు అందక పోయారని ఎవరూ అనలేదు, నేనూ అనలేను. చివరి రోజుల్లో ఆమెకు దాహం వేసిందని, నీళ్ళు దూరంగా ఉన్నాయని, అది నేను చూశానని మాత్రం అనగలను. వరలక్ష్మిని తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. పుండు సంగతి తను నన్ను మళ్ళీ అడగలేదు, పెద్దకర్మ నాడు విస్తరి వేసి పెట్టింది. నా పక్కన కుంతి వచ్చి కూర్చుని ఏడుస్తూ తిన్నది. ఆమెను పని నుంచి తీసేశారట.

అక్కా, నువ్వు బతికుండగా నీ మాటను అందంగా దిద్దాను. ఈసారి దిద్దలేదు. పదివేల వీపుల కింద పెట్టిన నీ అరచేతికి నా నమస్కారం. నీ వంటి చూపు ఉన్నవాళ్ళు ఇక్కడ మిగల్లేదు. ఉన్న చూపును నీ దగ్గర నేర్చుకోకుండా మేం టీలు తాగాం.

నా సంతకం రద్దు చేయమని సంఘానికి ఉత్తరం ఇచ్చాను. పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకునే నియమం పత్రంలో లేదని అప్పారావు గారు అన్నారు. కమిటీలో ముగ్గురి పేర్లు లేకుండా కొత్త పరిశీలన చెల్లదు కాబట్టి, ఆమె స్థానం నిండేవరకు ఎవరి ఇంటికీ ఎవరూ వెళ్ళరు. నిన్న నేను ఫోను చేయకుండా నెహ్రూ నగర్ వెళ్ళాను. పెద్దాయన మెలకువగానే ఉన్నారు. సీసా మంచం పక్కనే ఉంది. మూత బిగించి ఉంది.