ట్యాంకు మీద నుంచి చూసిన జెండా

ఆ రోజుల్లో దేశాన్ని కాపాడటానికి నాకు కావలసినవి రెండే: చేతిలో ఫోను, అందులో నెట్టు. రెండూ ఉండేవి, ఉద్యోగమే లేదు. డిగ్రీ అయ్యాక ఖాళీగా తిరుగుతున్నానని మా మావయ్య జాలిపడి, కడియంలో తన నర్సరీలో మొక్కల ఫోటోలు తీసే పని ఇచ్చాడు. (జీతం మాటెత్తితే "భోజనం మనింట్లోనే కదరా" అనేవాడు.)

జనవరి వచ్చిందంటే మా వైపు నర్సరీల్లో పూలకుండీలతో నేలమీద బొమ్మలు పేర్చడం ఆనవాయితీ. ఆ ఏడు రిపబ్లిక్ డే కోసం మా మేస్త్రీ బాబాయి నారింజ రంగు బంతి, తెల్ల చామంతి, మరువం కుండీలతో పెద్ద జెండా పేర్చాడు. గేటులోంచి వచ్చేవాళ్ళ కళ్ళు చెదరాలని ఆయన తాపత్రయం. నేను మాత్రం ముందురోజు పొద్దున్నే వెనకవైపున్న నీళ్ళ ట్యాంకెక్కి ఫోటో తీసి, ఊరి వాట్సాప్ గ్రూపులో "గర్వించు భారతీయుడా" అని పెట్టేశాను.

మొదట మేల్కొన్నది టీవీ తాతయ్య. మావయ్యకు పెదనాన్న. రోజంతా టీవీలో చర్చలు చూసి, సాయంత్రానికి వాటిని మాకు వడ్డిస్తాడు. "ఆకుపచ్చ పైకెందుకొచ్చింది? జెండా తలకిందులు చేసిందెవరు?" అని రాశాడు. నిజమే, ఫోటోలో ఆకుపచ్చే పైనుంది! ఇక చూస్కోండి. విదేశీ హస్తం అన్నారొకరు, ఎన్నికల ఎత్తుగడ అన్నారింకొకరు. మధ్యాహ్నానికి ఎవరో "ఆ మేస్త్రీ ఆదివారం చర్చికి వెళ్తాడుగా" అన్నారు. అంతే, గ్రూపంతా గుమ్మడికాయల దొంగని పట్టేసింది. నేనేమో నా ఫోటో ఊరూరా తిరుగుతోందని మురిసిపోతున్నాను.

ఆ మాట బాబాయి చెవిన పడింది. సాయంత్రం తాతయ్యా, ఇంకో నలుగురూ మావయ్య ఇంట్లో కూర్చుని ఈ సంగతే తేలుస్తుంటే, ఆయన తలపాగా విప్పి దులుపుకుని మావయ్య ముందుకొచ్చాడు. "మీకు మీసాలు రానప్పటి నుంచీ ఈ మట్టిలోనే ఉన్నానండి. ఇప్పుడు నాది ఏ దేశమో నేను చెప్పుకోవాలంటే, ఇంక నా వల్ల కాదండి. సెలవిప్పించండి" అన్నాడు. నాకు అంటు కట్టడం నేర్పింది ఆయనే.

అప్పుడు అత్తయ్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా ఫోను లాక్కుంది. ఫోటో చూసి, ఫోనుని తలకిందులుగా తిప్పింది. ఫోటో కూడా గిర్రున తిరిగి మళ్ళీ ఆకుపచ్చే పైకొచ్చింది. ఇంకోసారి తిప్పింది. మళ్ళీ అంతే.

"చూశారా! తిప్పినా లొంగట్లేదు! ఇది చిన్న కుట్ర కాదు!" అని టీవీ తాతయ్య లేచి నిలబడ్డాడు.

అత్తయ్య ఫోనుని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టింది. "తిరగాల్సింది ఫోను కాదండీ, మీరు. ఇటు రండి" అని ఒక్కొక్కళ్ళనీ మంచానికి అవతలి వైపుకి నడిపించింది. అక్కణ్ణుంచి వంగి చూస్తే కాషాయం పైన, ఆకుపచ్చ కింద. జెండా ఎక్కడున్నదక్కడే ఉంది. నేనే వెనకనుంచి తీశాను.

తాతయ్య గొంతు సవరించుకుని, "అది సరే, ఆ ట్యాంకుని అటువైపు కట్టించిందెవరు?" అన్నాడు. (కట్టించింది ఆయనే.)

మావయ్య బాబాయి చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. బాబాయి వెంటనే కరగలేదు. తెల్లారి జెండా వందనానికి వచ్చాడు గానీ, ముభావంగానే ఉన్నాడు. "ఈసారి జెండా నువ్వే ఎగరెయ్యి మేస్త్రీ" అని మావయ్య తాడు అందించబోయాడు. ఆయన తీసుకోలేదు. "మీరు ఎగరెయ్యండి. నాకు వేరే పనుంది" అంటూ వచ్చి నా జబ్బ పట్టుకుని, "నువ్విటు నిలబడరా అబ్బాయ్, దేశం ఇటునుంచి కనబడుద్ది" అన్నాడు. అందరూ నవ్వారు, చివరికి ఆయన కూడా.

ఇప్పటికీ ఏ గ్రూపులోనైనా ఎవరో ఒకరు ఎవరినో దేశద్రోహి అంటే, నా వేళ్ళు దురద పెడతాయి. జవాబు టైపు చేస్తాను, చెరిపేస్తాను. పంపించే ధైర్యం ఇరవై రెండేళ్ళ నాకుండేది, ఇప్పటి నాకు లేదు. ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.