గోడకు అవతల అమ్మ

మా ఆఫీసు కిటికీలోంచి పుప్పాలగూడలోని మా ఇంటి మిద్దె కనిపిస్తుంది. పిట్టకైతే రెక్క విప్పినంతసేపు, నాకు మాత్రం రోడ్డు మీద గంట. ఆ మిద్దెను చూస్తే గీరుకుపోయిన అమ్మ మోచేతులు గుర్తొస్తాయి.

నా చిన్నప్పుడు అమ్మ నానక్‌రామ్‌గూడలో ఒక దవాఖానలో నర్సు. మా మిద్దె మీంచి దాని ఎర్ర బోర్డు చేతికందేట్టు ఉండేది. ఒక సాయంత్రం నానమ్మకు ఆయాసం ఎక్కువైంది. నేను ఫోన్ చేస్తే, "మందు తెస్తున్న బిడ్డా, బయల్దేరిన" అంది అమ్మ. మిద్దెక్కి ఎదురు చూశాను. పొద్దు వాలింది, అమ్మ రాలేదు.

కిందికి పరుగెత్తి, "గక్కడనే ఉన్నది కదా నానమ్మా! అమ్మకు మనం అక్కర్లేదా?" అని ఏడ్చాను. నానమ్మ ఆయాసపడుతూనే నన్ను దగ్గరికి లాక్కుంది.

చివరికి అమ్మ వచ్చింది, చిరిగిన చీరతో. మందు పీల్చి నానమ్మ తేరుకున్నాక అమ్మ మెల్లగా చెప్పింది.

"జల్ది అయితదని నడుమ గుట్ట మీది పాత బాట పట్టిన అత్తమ్మా. విల్లాలోళ్లు అడ్డంగ గోడ కట్టిన్రు. ఎక్కబోయి పడ్డ. ఇగ ఎన్కకు పోయి ఆటో ఎక్కిన."

గుట్ట మీంచి మా మిద్దె బాగా కనిపించేది. ఆ గోడ దగ్గర నిలబడ్డ అమ్మకు, మిద్దె మీద నేను కనిపించే ఉంటాను.