మిరప నారు, నా చెయ్యి

నేను గురజాల పక్క ఊరికి కాపురానికి వచ్చిన ఏడే మా అత్త మిరప నాటు నాచేత మొదలుపెట్టించింది. కొత్త కోడలి చెయ్యి పడితే చేను చల్లగా ఉంటుందని ఆ ఇంటి ఆనవాయితీ. నాకేం, కుచ్చెళ్లు దోపుకుని గర్వంగా దిగాను.

రెండు రోజులకే నారు మొదలంటా తెగి పడి ఉంది. అత్త ఒక మొక్కను తీసి నా వంక చూసింది.

“నీ చెయ్యి మంచిది కాదే,” అంది.

తిట్టినా బాగుండేది. ఆ మాట ఊరంతా పాకింది. పక్కింటి పిన్ని తన బీరపాదుకు నన్ను నీళ్లు కూడా పోయనివ్వలేదు. చెయ్యి మంచిది కాదన్న పేరొస్తే ఇక ఎవరూ విత్తనం ముట్టనివ్వరు. వ్యవసాయపు ఇంట్లో పుట్టినదాన్ని, ఆ మాట ఎలా పడను?

నారు తెగిన గుంటల్లో అత్తే తన చేత్తో మళ్లీ నారు పెట్టింది. తెల్లారేసరికి అదీ తెగింది. ఈసారి మాత్రం చెయ్యి సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు ఒళ్లు మండి, తెగిన మొదలు పక్కన మట్టి కెలికాను. నూనె రాసినట్టున్న నల్లటి పురుగు బయటపడి, ముట్టుకోగానే చుట్ట చుట్టుకుంది. పగలు మట్టిలో పడుకుని, చీకటి పడ్డాక మొక్కను కొరుకుతోంది. దాని గుంటలోనే కొత్త నారు పెట్టి మేం దానికి వడ్డిస్తున్నాం.

“ఇదిగో అత్తా, మంచిది కాని చెయ్యి,” అన్నాను.

అత్త కొంగు దోపుకుని పక్క గుంట కెలికింది. ఇద్దరం కూర్చుని పురుగులన్నీ ఏరి కోళ్లకు వేశాం. ఒకదాన్ని మాత్రం పిడతలో మట్టి పోసి, గుడ్డ కట్టి దాచాను. అది మట్టిలోనే ఎర్రటి గింజలా గట్టిపడి, కొన్నాళ్లకు మట్టిరంగు రెక్కలతో లేచింది. చూద్దును కదా, రోజూ మా దీపం దగ్గర వాలే రెక్కల పురుగే! దీపానికొచ్చిన పురుగును చంపకూడదని అత్త దాన్ని తోలనిచ్చేది కాదు.

మరుసటి ఏడు నాటు నాడు, పిన్ని గట్టు మీద నిలబడి చూస్తుండగానే, అత్త మొదటి నారుకట్ట నా చేతికిచ్చింది. తను ముందు నడుస్తూ ప్రతి గుంటా వేలితో కెలికి చూసి, “ఇక్కడ పెట్టవే,” అంటూ పోయింది. నీ చెయ్యి మంచిదని ఏనాడూ అనలేదు. నాకు మాత్రం సాలు చివరిదాకా కళ్లు చెమరుస్తూనే ఉన్నాయి.