పోశెట్టన్న గద్దల లెక్క

సౌదీలోని ఖతీఫ్‌లో మా క్యాంపు ముందు రోడ్డు వేస్తున్నారు. కాగుతున్న తారు వాసన పొద్దున్నే గదిలోకి రావడంతో టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ వాసనకు నాకు మొదట ఒకప్పుడు పనిచేసిన సరిహద్దు ఊరు ఖఫ్జీ గుర్తొస్తుంది, ఆ వెంటనే పోశెట్టన్న. యుద్ధం ముగిసినా సరిహద్దు అవతల కువైట్ నూనె బావులు ఇంకా తగలబడుతున్న రోజులవి. మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశం మసిగుడ్డలా ఉండేది.

పోశెట్టన్నది నిజామాబాద్ వైపు. ఖఫ్జీలో నీళ్ళ ట్యాంకుల మరమ్మతు పనికి ఆయన ఫోర్‌మన్. నేను జగిత్యాల నుంచి వచ్చిన వెల్డర్‌ని, యుద్ధానికి ముందు ఏడాదే చేరాను. చలికాలానికి ముందు ఉత్తరపు గాలి మొదలవగానే గద్దలూ డేగలూ గుంపులుగా దక్షిణానికి పోతాయి. తిండి వేళ అందరూ నీడకు చేరితే, ఈయన ట్యాంకు పైకెక్కి వాటిని లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవాడు. ఈ పిచ్చి ఏమిటన్నా అని అడిగాను, నా నోరు ఊరుకోదు కదా.

"ఇంటికి ఉత్తరం రాస్తే మీ వదినెకు ఏం జెప్పాలె? ట్యాంకుకు అతుకేసినం, అన్నం తిన్నం అనేనా? గియ్యాల ఇన్ని గద్దలు వోయినయంటే ఆమె సుత మొగులు దిక్కు సూస్తది" అన్నాడు.

నేనూ ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి రోజే గంటలో నూట నలభై అని గొప్పగా చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. వేడిగాలి దొరికిన చోట గద్దలు గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. నేను తిరిగినవాటినే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. "ఒక్క ఆడిమనిషి బతుకమ్మ సుట్టు పదిసార్లు తిరిగితే పదిమంది అంటవార? సుట్టు ఇడిశి దక్షిణం దిక్కు జారినంకనే లెక్క" అని నేర్పాడు.

యుద్ధం మీదికొస్తే మమ్మల్ని అక్కడినుంచి తరలించారు. తిరిగొచ్చేసరికి ట్యాంకులు తూట్లు పడి ఉన్నాయి. పొగకో వయసుకో, పోశెట్టన్న కళ్ళకు పొర కమ్మింది. చూపు ఆనని మనిషిని కంపెనీ ఉంచుకోదు. పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టేశారు, ఇక తిరిగి రావడం ఉండదు. ఆయనకు ఉద్యోగం పోయిందన్న బెంగకన్నా గద్దల బెంగే ఎక్కువ. "పోయేలోపు ఒక్కపారి అవి అచ్చినయని తెల్వాలె తమ్మీ. గీ పొగల తొవ్వ మర్శినయో ఏమో" అనేవాడు. రోజూ చెయ్యి పట్టుకుని ట్యాంకు పైకి ఎక్కించేవాణ్ణి. ఆయన అడిగేవాడు, నేను చూసేవాణ్ణి. పన్నెండు రోజులు ఒక్క రెక్క కనిపించలేదు.

మర్నాడు విమానమనగా నా మనసు ఆగలేదు. "అన్నా, ముప్పై రెండు పోయినయే" అన్నాను.

ఆయన బుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. చెంప గాలికి పెట్టాడు. "దక్షిణం గాలి కొడుతుంది గదర. ఎదురుగాలికి గద్దలు కదలవు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తిడితే బాగుండేది. "నా మీది పాయిరానికే అంటివి, నాకు తెల్వదా? గని రానినాడు రాలేదనే రాయాలె. లేకుంటె నిజంగ అచ్చిననాడు నిన్నెవరు నమ్ముతరు?" తడుముకుంటూ సున్న రాసి, బుక్కు నా చేతిలో పెట్టాడు.

ఆయన వెళ్ళిన తొమ్మిదో రోజు గాలి ఉత్తరానికి తిరిగింది. అవి వచ్చాయి. మసి ఆకాశం కిందనే, గుంపు వెనక గుంపు. రెండు వందల పదకొండు. అన్న లేడే అని ట్యాంకు మీద కూర్చుని ఏడ్చాను. చెప్పినా ఆయన నమ్మడేమోనని ఇంకా ఏడ్చాను. ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. ఎనిమిది రోజుల సున్నలు, ఏ రోజు గాలి ఎటు కొట్టిందో వరసగా రాసి, చివర్న ఆ అంకె వేశాను. ప్రమాణాలేమీ చెయ్యలేదు.

నెల దాటాక జవాబు వచ్చింది, వదినె చేతిరాతలో. "తమ్మీ, ఎనిమిది సున్నలు సదివి ఇనిపిచ్చిన. మీ అన్న తొమ్మిదోదాని కోసం లేశి కూసున్నడు. రెండు వందల పదకొండు అంటే, ఇది నిజం, మావోడు సూశిండు అని వాడకట్టు అంత చెప్పుకుంట తిరిగిండు."

నన్ను తర్వాత చాలామంది మెచ్చుకున్నారు గానీ, అబద్ధమాడి దొరికిపోయిన నన్ను మళ్ళీ నమ్మింది ఆయనొక్కడే. ఇప్పుడు నేనే ఫోర్‌మన్‌ని. సైటు రిపోర్టులో, కాని పనిని కాలేదనే రాస్తాను. మేనేజరు విసుక్కుంటాడు. విసుక్కోనీ.