నిశ్శబ్దంలో పదమూడుసార్లు

నిన్న సాయంత్రం మైపాడు దారిలో కరెంటు పోయింది. రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటల్లో గాలి అందేలా నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. జనరేటర్లు అందుకోవడానికి నలభై సెకన్లు పట్టింది. ఆ కాసేపూ షంషాద్ గారు గుర్తుకొచ్చారు.

ఆమె నెల్లూరులో వినికిడి పరీక్షలు చేసేవారు. ఆమె దగ్గర పదకొండేళ్ల నాలుగు నెలలు సహాయకుడిగా పనిచేశాను. చెవిలో బీప్ వినబడితే బటన్ నొక్కాలి, పరీక్ష అంతే. అయితే ఆమె మధ్యమధ్య ఇరవైసార్లు ఏ శబ్దమూ పంపకుండా ఊరుకుని, ఆ ఖాళీల్లో ఎన్ని నొక్కులు పడ్డాయో వేరే గడిలో రాయించేవారు. మొదటి గడిలో చెవి, రెండో గడిలో మనసు మీది ఒత్తిడి కనబడతాయని ఆమె నమ్మకం. రెండో గడి మీద నాకు గురి ఉండేది కాదు.

ఒకరోజు ఇందుకూరుపేట నుంచి శీనయ్య వచ్చాడు. స్కూలు బస్సు డ్రైవరుగా చేరడానికి అతనికి వినికిడి సర్టిఫికెట్ కావాలి. ఇరవై ఖాళీల్లో పదమూడుసార్లు నొక్కాడు. చెవుడు దాచడానికి గుడ్డిగా నొక్కుతున్నాడనుకుని కాగితం మీద ‘మోసం’ అని రాశాను. ఆ ఒక్క మాటతో అతని ఉద్యోగం పోయినట్టే.

షంషాద్ గారు కాగితం చూసి అతన్ని లోపలికి పిలిచారు. “ఇప్పుడేం పని చేస్తుండావు శీనయ్యా?”

“రొయ్యల గుంట కాపలా మేడమ్. నాలుగేళ్లయింది.”

“బీప్ లేనప్పుడు నొక్కినావే?”

“చప్పుడు ఆగితే నా చెయ్యి ఊరుకోదు మేడమ్. ఏరేటర్ ఆగిందంటే గుంటంతా చచ్చిపోతాది. ఇంట్లో మిక్సీ ఆపినా లేచి ఉరుకుతా. మా ఆడది ఒకటే నవ్వతాది.”

ఆమె నవ్వలేదు. మూడు వారాలు గుంట వైపు వెళ్లకుండా ఉండి రమ్మన్నారు. ఆ గడువు తీరాక జరిగిన పరీక్షలో ఖాళీ నొక్కులు రెండే. సర్టిఫికెట్ మీద ఆమె సంతకం చేశారు. పాత కాగితం మీది మాటను నాచేతే కొట్టివేయించారు.

అతను వెళ్లాక, “నువ్వు గూడా పరీక్షకి కూర్చో,” అన్నారు. ఖాళీల్లో నేను ఒక్కసారీ నొక్కలేదు. గర్వంగానే పరీక్ష గదిలోంచి బయటికి వచ్చాను.

“మెల్లటి బీప్‌లు తొమ్మిది వదిలేసినావే. వినపడలేదా?”

“వినపడినట్టే ఉండింది మేడమ్. ఖాయంగా తెలియక నొక్కలేదు.”

“ఇది గూడా ఒత్తిడే నాయనా. ఆయనకి చప్పుడు ఆగుతాదని భయం, నీకు తప్పు పడతాదని భయం. ఆయన మూడు వారాల్లో తేరుకున్నాడు. నీ సంగతేంది?”

ఆమె పోయి ఆరేళ్లు. ఏటా ఒకసారి ఆ పరీక్షకు కూర్చుంటున్నాను. లెక్క డైరీలో ఉంటుంది. ఈసారి మెల్లటివి మూడే వదిలాను. ఖాళీలో ఒకసారి నొక్కాను. దాన్ని కొట్టివేయలేదు.