కన్నుకంటే ముందు నోరు

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి హెబ్రూ టీచరమ్మ అనేవారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ప్రార్థనాలయం వెనక గదిలో పెద్దవాళ్ళకు పాత హెబ్రూ గ్రంథం చదవడం నేర్పేది. భర్త పోయాక ఆమెకు తోడంటూ మిగిలింది తమ్ముడొక్కడే. అతను నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. గోడకైనా చెవులుంటాయిగానీ వీడికి నోరే లేదని అక్క వెక్కిరించేది.

ఆ వానాకాలం పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆసుపత్రి వరండాలో కూడా మంచాలు వేశారు. వానలకి మామూలేలెమ్మని మొదట అందరూ సర్దుకున్నారు. బేకరీ అతని కూతురు పోయింది. అంతే, ఊరి మాట తీరు మారిపోయింది.

ఆ సాయంత్రం టీచరమ్మ, కూలిపోయిన నగరం కోసం ఏడ్చిన ఐదు శోకగీతాల గురించి చెబుతోంది.

"హెబ్రూలో ఇరవై రెండక్షరాలు. ఈ పాటల్లో చరణాలు ఆ అక్షరాల వరసలోనే మొదలవుతాయి. రాసినవాడు ఏడుపుక్కూడా గట్టు కట్టాడన్నమాట. కానీ రెండో పాట నుంచి ఒక జత తారుమారైంది, చూడండి. అయిన్ ముందు రావాలి, పే వచ్చేసింది. అయిన్ అంటే కన్ను. పే అంటే నోరు."

"రాసినవాడి పొరపాటేమోనండీ," అన్నాడు దర్జీ.

"కావచ్చు. అప్పటికింకా వరస కుదురుకోలేదనీ అంటారు. పాతకాలపు పెద్దలు మాత్రం, చూడకముందే మాట్లాడిన పాపం అదని చెప్పుకున్నారు. చివరి పాటలో చరణాలు ఇరవై రెండే, అక్షరాల వరస మాత్రం అసలుండదు."

ఎవరూ పుస్తకం వైపు చూడటం లేదు. దర్జీ భార్య గొంతు సవరించుకుంది.

"టీచరమ్మా, మీ తమ్ముడు ట్యాంకులో ఏదో కలిపాడటగా?"

"ఎవరు చూశారు?"

"అందరూ అంటున్నారు. నిప్పు లేనిదే పొగ రాదు కదండీ."

ప్రతివారం కలిపే బ్లీచింగ్ పౌడరేనని చెప్పబోయింది. గదిలోని చూపులన్నీ తనమీదే. క్లాసు అక్కడితో ఆపి ఇంటికి నడిచింది.

మెట్లమీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. చొక్కా కాలరు చిరిగి ఉంది.

"బేకరీ దగ్గర నన్ను పట్టుకున్నారక్కా. కాసేపు లోపల కూర్చుంటాను."

ఆవిడ తాళం తియ్యలేదు. "ఏం కలిపావురా?" అంది.

అతను అక్క ముఖంలోకి చూశాడు. విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని, "పంపు ఆపే వేళైంది," అని వీధి మలుపు తిరిగాడు.

నోరు జారానని ఆవిడకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. పిలుస్తూ పరుగెత్తింది. ట్యాంకు పక్క పంపుగది ముందు జనం. ఒక్కరూ అరవడం లేదు, అదే ఆవిణ్ణి భయపెట్టింది. బేకరీ అతని చేతిలో పొయ్యి కెలికే ఇనపచువ్వ. పక్కన దర్జీ.

"తప్పుకోండి! నా తమ్ముడు లోపలున్నాడు!"

ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే, అంగుళం జరగలేదు. లోపల మోటారు చప్పుడు ఆగిపోయింది.

అన్ని దెబ్బలు తిన్నా అతను బతికాడు. కుడికాలు మాత్రం మళ్ళీ వంగలేదు. ఆసుపత్రిలో అక్క పక్కనే కూర్చుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నీళ్ళు పరీక్ష చేసినవాళ్ళు వాటిలో ఏ దోషమూ లేదని తేల్చారు. తప్పయిపోయిందని ఒక్కరూ రాలేదు. ఒకరోజు ఆవిడ వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. ఎటు వెళ్ళాడో నర్సుకీ చెప్పలేదు.

మళ్ళీ క్లాసు పెడితే అందరూ వచ్చారు, ఏమీ జరగనట్టు ఎవరి కుర్చీల్లో వాళ్ళు సర్దుకున్నారు. టీచరమ్మ ఇంకా మొదలుపెట్టలేదు, దర్జీ భార్య పక్కావిడ చెవి దగ్గరికి వంగింది.

"నీళ్ళు కాదంటే మరి పాలేనని అందరూ అంటున్నారు. ఆ పాలాయన ఇంట్లోకి ఎవర్నీ రానివ్వడు, గమనించావా?"

టీచరమ్మ పుస్తకం మూసేసింది. వానలోనే బయటికి నడిచింది. ఆవిడ వెళ్ళేసరికి పాలాయన గుమ్మం ముందు నలుగురు మగాళ్ళు నిలబడి ఉన్నారు. వీధి చివర నుంచి ఇంకొందరు వస్తున్నారు. ఆవిడ వాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుని మెట్లెక్కి, మూసి ఉన్న తలుపుకు వీపు ఆనించి నిలబడింది.